సుదూరయాన బృహద్విమానాల ఎంపిక – తెలుగు ప్రయాణికుల దారులు: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఖండాంతర ప్రయాణాలకు ఏ విమానాన్ని కొనాలన్నది విమానయాన సంస్థల అంతర్గత వ్యాపార నిర్ణయంగా కనిపిస్తుంది. అయితే ఒకసారి కొన్న విమానం ఇరవై ఏళ్లకు పైగా సేవలో ఉంటుంది. అంతకాలం పాటు ఏ నగరం నుంచి ఏ నగరానికి నేరుగా వెళ్లగలమో, ఎక్కడ దిగి మారవలసివస్తుందో ఆ నిర్ణయమే చాలావరకు నిర్దేశిస్తుంది. తడ వంటి సరిహద్దు ప్రాంతం మొదలుకొని హైదరాబాదు వరకు తెలుగు ప్రయాణికుల దారులను ఆధారంగా చేసుకొని, ఈ ఎంపికలో పనిచేసే ఆర్థిక, సాంకేతిక, భౌగోళిక కారణాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సుదూరయాన విమానాలు, ఎ350, 777ఎక్స్, కూడలి విమానాశ్రయం, హైదరాబాదు, చెన్నై, తడ, శ్రీసిటీ.

1. ఉపోద్ఘాతం:

తడ ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచున, పులికాట్ సరస్సు పక్కన, చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడివారు విదేశాలకు వెళ్లాలంటే సాధారణంగా ఎంచుకొనేది నూరు కిలోమీటర్ల లోపే ఉన్న చెన్నై విమానాశ్రయాన్ని. రేణిగుంటలో తిరుపతి విమానాశ్రయం ఉన్నా ఖండాంతర ప్రయాణానికి అది చాలదు. రాష్ట్ర రాజధాని ఏదైనా, ఈ తీరవాసుల అంతర్జాతీయ ద్వారం పొరుగు రాష్ట్రంలోనే ఉంది.

అమెరికాలో చదువుకొనే పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారు, తడకు ఆనుకొని ఉన్న శ్రీసిటీ పరిశ్రమలకు వచ్చిపోయే జపాన్, కొరియా ఇంజనీర్లు – వీరందరి ప్రయాణాలు రెండు నడవలు గల వెడల్పాటి విమానాలపై ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. వయసు మళ్లినవారికి, ఇంగ్లీషు అలవాటు లేనివారికి మధ్యలో ఒకచోట దిగి మరో విమానం పట్టుకోవడం చిన్న విషయం కాదు. కాబట్టి ‘ఏ విమానం?’ అనే ప్రశ్న వెనుక ‘ఎవరి ఊరికి నేరుగా దారి?’ అనే ప్రశ్న దాగి ఉంది.

2. తరాల మార్పు – నాలుగు ఇంజన్ల నుంచి రెండు ఇంజన్లకు:

గత శతాబ్ది చివరి వరకు సుదూరయానానికి ప్రతీక బోయింగ్ 747. దాని ఉత్పత్తి ముగిసి, చివరి విమానం 2023 జనవరి 31న ఒక సరకు రవాణా సంస్థకు అందింది. దానికి పోటీగా ఎయిర్‌బస్ నిర్మించిన రెండంతస్తుల ఎ380 తొలిసారి 2005 ఏప్రిల్ 27న ఎగిరింది. 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ దాన్ని ప్రయాణికుల సేవలోకి తెచ్చింది. అయిదువందల మందికి పైగా కూర్చోగల ఈ విమానాలు విమానయాన సంస్థలకు మొత్తం 251 మాత్రమే అందాయి. అందులో 123 ఎమిరేట్స్ సంస్థ ఒక్కటే తీసుకొంది. ఉత్పత్తిని నిలిపివేస్తున్నట్లు 2019 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ప్రకటించింది. చివరి విమానం 2021 డిసెంబరులో అందింది.

దీనికి ప్రధాన కారణం ఇంజన్ల సామర్థ్యంలో వచ్చిన మార్పు. రెండు పెద్ద ఇంజన్లు నాలుగింటి పనిని తక్కువ ఇంధనంతో, తక్కువ నిర్వహణ వ్యయంతో చేయగలిగినప్పుడు నాలుగు ఇంజన్ల అవసరం తీరిపోయింది. దానికి తోడు లోహం స్థానంలో కార్బన్ నారతో చేసిన సంయుక్త పదార్థాలు వచ్చాయి. బోయింగ్ 787 బరువులో సుమారు సగం, ఎ350 బరువులో సగానికి పైగా ఇలాంటి పదార్థాలే.

నేడు పెద్ద విమానాల ఎంపిక ప్రధానంగా మూడు కుటుంబాల మధ్య సాగుతోంది. 2011లో సేవలోకి వచ్చిన 787 వాటిలో చిన్నది. 2015 జనవరిలో ఖతార్ ఎయిర్‌వేస్‌తో సేవ ఆరంభించిన ఎ350 రెండవది. దీనిలో 900, 1000 అనే రెండు పరిమాణాలున్నాయి. మూడవది, అన్నిటికన్నా పెద్దది బోయింగ్ 777ఎక్స్. ఇందులో ముందుగా రానున్న 777-9 రెండు తరగతుల అమరికలో 426 మందిని మోయగలదని తయారీ సంస్థ లెక్క.

3. మొదటి లెక్క – సీటు ఖర్చు, ప్రయాణ ఖర్చు:

విమానయాన సంస్థలు రెండు రకాల ఖర్చులను వేర్వేరుగా లెక్కిస్తాయి. ఒక విమానం ఒక చోటి నుంచి మరో చోటికి ఒకసారి వెళ్లడానికి అయ్యే మొత్తం ప్రయాణ ఖర్చు. దాన్ని సీట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సీటు ఖర్చు. సాధారణంగా విమానం పెద్దదయ్యే కొద్దీ సీటు ఖర్చు తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు పెరుగుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని స్పష్టం చేయవచ్చు. 400 సీట్ల విమానం ఒక ప్రయాణానికి 100 పాళ్ల ఖర్చు, 300 సీట్ల విమానం 80 పాళ్ల ఖర్చు అవుతుందనుకొందాం. అన్ని సీట్లూ నిండితే పెద్ద విమానంలో ఒక్కొక్కరిపై 0.25, చిన్నదానిలో 0.267 పాళ్లు పడుతుంది. పెద్దదే లాభం. కాని ఆ రోజు 280 మందే వస్తే పెద్ద విమానంలో ఒక్కొక్కరిపై 0.357, చిన్నదానిలో 0.286 పాళ్లు పడుతుంది. లాభం తారుమారైంది. ‘పెద్ద విమానం చవక’ అనే మాట నిండిన విమానానికే వర్తిస్తుంది.

తెలుగు ప్రాంతాల నుంచి అమెరికాకు ప్రయాణించేవారి రద్దీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. విశ్వవిద్యాలయాలు తెరిచే ఆగస్టులో, వేసవి సెలవుల్లో, డిసెంబరు – జనవరి మాసాల్లో అది ఉప్పొంగుతుంది. మధ్యకాలంలో తగ్గుతుంది. ఇలాంటి మార్గంలో మితమైన పరిమాణం గల విమానం తక్కువ నష్టభయంతో నడుస్తుంది. ఎ380 కొద్ది కూడళ్లకే పరిమితం కావడం, 787 అనేక ద్వితీయ శ్రేణి నగరాలకు చేరడం ఈ సూత్రం ఫలితాలే.

4. రెండవ లెక్క – దూరం, బరువు:

భూగోళంపై రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తపు చాపం. ఆ విధంగా లెక్కిస్తే హైదరాబాదు నుంచి షికాగోకు సుమారు 13,300 కి.మీ., శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 13,550 కి.మీ., తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ నగరానికి సుమారు 14,400 కి.మీ. దూరం ఉంది. ప్రపంచంలోని అతి దీర్ఘ విమానమార్గాల సరసన నిలిచే దూరాలివి.

తయారీదారులు ప్రకటించే పరిధిని ఈ దూరాలతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. 777-9 పరిధి సుమారు 13,500 కి.మీ., 787-9 పరిధి సుమారు 14,000 కి.మీ., ఎ350-1000 పరిధి 16,000 కి.మీ. పైచిలుకు అని ప్రకటనలు చెబుతాయి. అవి నిర్దిష్ట ప్రమాణ పరిస్థితులకు కట్టిన లెక్కలు. వాస్తవంలో ఎదురుగాలి, చుట్టుదారి, బరువైన సీట్లు, పెట్టెలు, సరకు ఆ పరిధిని తగ్గిస్తాయి. కనుక హైదరాబాదు – షికాగో మార్గానికి ప్రకటిత పరిధి 13,500 ఉన్న విమానం చాలినట్లు కనిపించినా చాలదు. అన్నిటికన్నా పెద్దదైన 777-9 తెలుగువారి అమెరికా దారికి అన్నిటికన్నా అనువైనది కాకపోవడం గమనించదగిన విషయం.

దూరం పెరిగితే ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం కూడా సరికాదు. పదిహేను గంటల ప్రయాణానికి ఇంత పెద్ద విమానం ఎనభై నుంచి నూరు టన్నుల పైచిలుకు ఇంధనంతో లేవాలి. చివరి గంటలకు కావలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి. ఆ మోతకు మళ్లీ ఇంధనం ఖర్చవుతుంది. అందువల్లనే అతి దీర్ఘ మార్గాల్లో విమానపు సొంత బరువు ఎంత తక్కువైతే అంత మేలు.

ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాదు – షికాగో మధ్య వారానికొకసారి నేరు సర్వీసును 777-200ఎల్ఆర్ విమానంతో ప్రారంభించింది. 238 సీట్ల ఆ విమానానికి పరిధి పుష్కలం. కాని అది పాత తరం ఇంజన్లతో, లోహపు దేహంతో, అంతదూరం ఎగరడానికే ప్రత్యేకించి చేసిన బరువైన విమానం. ఆ సర్వీసు తరువాత నిలిచిపోయింది. వెళ్లగలగడం వేరు, లాభంతో వెళ్లగలగడం వేరు అన్న భేదం ఇక్కడ ముఖ్యం.

5. మూడవ లెక్క – నేల, ఎండ, రెక్కల వెడల్పు:

విమానం ఆకాశంలో ఎంత గొప్పదైనా నేలమీద దానికి చోటుండాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రెక్కల వెడల్పును బట్టి విమానాలకు తరగతులు నిర్ణయించింది. 52 మీటర్ల నుంచి 65 మీటర్ల లోపు ఉన్నవి ‘ఇ’ తరగతి, 65 నుంచి 80 మీటర్ల లోపు ఉన్నవి ‘ఎఫ్’ తరగతి. దాదాపు 80 మీటర్ల రెక్కలు గల ఎ380 రెండవ తరగతికి చెందినది. దానికి విశాలమైన దారులు, ప్రత్యేకమైన నిలుపుదల స్థలాలు కావాలి.

భారతదేశంలో ఎ380 రాకపోకలపై ఉన్న నిషేధాన్ని 2014 జనవరిలో ఎత్తివేసినప్పుడు అనుమతి లభించినవి నాలుగు విమానాశ్రయాలే: దిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాదు. ఆ జాబితాలో చెన్నై లేదు. అయితే అనుమతి ఉన్నంత మాత్రాన విమానం రాలేదు. ఆ ఏడాది సర్వీసులు దిల్లీ, ముంబయిలకే మొదలయ్యాయి. బెంగళూరుకు 2022 అక్టోబరులో గాని రాలేదు. సౌకర్యం ఒక అర్హత మాత్రమే. రప్పించేది ప్రయాణికుల సంఖ్య, వారిలో ఎక్కువ ధర చెల్లించే వారి పాలు.

777ఎక్స్ రూపకర్తలు ఈ సమస్యకు కొత్త పరిష్కారం చూపారు. గాలిలో 71.75 మీటర్లు ఉండే రెక్కల కొసలు నేలమీదికి వచ్చాక పైకి మడుచుకొని 64.85 మీటర్లకు తగ్గుతాయి. అంటే ఎగిరేటప్పుడు పొడవైన రెక్క ఇచ్చే ఇంధన పొదుపు దక్కుతుంది. నిలిచినప్పుడు ‘ఇ’ తరగతి స్థలం సరిపోతుంది.

ఎండ మరో నియంత్రణ. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకు ఎత్తుబలం, ఇంజనుకు శక్తి తగ్గుతాయి. ఎత్తయిన ప్రాంతంలోనూ ఇదే జరుగుతుంది. హైదరాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి ఆరువందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడి 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే ఆ లోటును చాలావరకు పూడ్చుతుంది. చెన్నై సముద్రమట్టానికి దగ్గరగా ఉండటం దానికి మేలు, అయితే రన్‌వే అంతకంటె పొట్టిది. భారీ ఇంధనంతో లేచే అమెరికా విమానాలు మన వేసవిలో మిట్టమధ్యాహ్నం కంటె రాత్రివేళ బయలుదేరితే ఎక్కువ బరువు మోయగలవు. గన్నవరంలో రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించినా అమెరికా విమానాలు అక్కడ వాలలేదు. పైన చెప్పిన అర్హతకు, ఆకర్షణకు ఉన్న తేడాకు ఇది మరో నిదర్శనం.

6. కూడలి దారి – నేరు దారి:

ఒక సంస్థ తన సొంత నగరంలో నలుదిక్కుల ప్రయాణికులను కూర్చి, మళ్లీ నలుదిక్కులకు పంపడం కూడలి పద్ధతి. దుబాయి దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా డాలస్ వెళితే మొత్తం దూరం సుమారు 15,470 కి.మీ. నేరుగా వెళ్లేదానికన్నా దాదాపు వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. షికాగోకు ఈ తేడా ఇంకొంచెం తక్కువ. దారి పెద్దగా చుట్టుకాకపోవడం, రెండు ముక్కలుగా ఎగరడం వల్ల ఇంధనపు మోత తగ్గడం గల్ఫ్ సంస్థలకు కలిసివచ్చిన భౌగోళిక అనుకూలతలు. తడ, సూళ్లూరుపేటల ప్రయాణికుడు చెన్నైలో ఎక్కి దుబాయిలోనో దోహాలోనో మారడం వెనుక ఈ లెక్క ఉంది.

కూడలి సంస్థలకు పెద్ద విమానం కావాలి. ఎన్నో ఊళ్లనుంచి వచ్చినవారిని ఒకే విమానంలో నింపగలవు గనుక సీటు ఖర్చు తగ్గించుకోవడమే వాటి బలం. ఎమిరేట్స్ 2023 నవంబరులో మరిన్ని 777ఎక్స్ విమానాలకు ఆర్డరు ఇచ్చి, ఆ కుటుంబంలో తన మొత్తాన్ని 205కు చేర్చుకోవడం ఈ తర్కానికి అనుగుణమైనదే. అదే సందర్భంలో ఎ350-1000 ఇంజను వేడి, ఇసుక గల వాతావరణంలో ఎంతకాలం మన్నుతుందన్న విషయంపై ఆ సంస్థ బహిరంగంగానే అసంతృప్తి వ్యక్తం చేసింది.

నేరు దారికి కావలసింది పలచని రద్దీని కూడా భరించే విమానం. జపాన్‌కు చెందిన ఆల్ నిప్పాన్ ఎయిర్‌వేస్ 2019 అక్టోబరులో టోక్యో నరిటా – చెన్నై సర్వీసును 787తో ప్రారంభించింది. చెన్నై, శ్రీపెరుంబుదూరు, శ్రీసిటీ పారిశ్రామిక మండలాల్లో జపాన్ సంస్థలు కేంద్రీకృతం కావడం దానికి పునాది. అలాగే లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ – హైదరాబాదు సర్వీసును 787తోనే ఆరంభించింది. నాలుగువందల సీట్ల విమానమే దిక్కైతే ఇలాంటి మార్గాలు ఆరంభం కావడం కష్టం.

7. సరకు, గగనతలం, కాలం:

ప్రయాణికుల అడుగున ఉండే సరకు అర మార్గపు లాభనష్టాలను మార్చగలదు. హైదరాబాదు నుంచి ఔషధాలు, చెన్నై నుంచి విడిభాగాలు, పులికాట్ పరిసరాల నుంచి ప్రాణంతో ఎగుమతయ్యే పీతలు విమానంలో వెళ్లే సరకులు. నెల్లూరు తీరపు రొయ్యలు మాత్రం గడ్డకట్టించి ఓడల్లోనే ఎక్కువగా పోతాయి. అతి దీర్ఘ మార్గంలో ఇంధనం కోసం సరకును తగ్గించుకోవలసివస్తే ఆ ఆదాయమూ పోతుంది.

గగనతలం మరొక అంశం. తడకు ఎదురుగా ఉన్న శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు బంగాళాఖాతంపై కొంత భాగాన్ని కొద్ది గంటలు మూసివేస్తారు. విమానాలు పక్కకు జరిగి వెళతాయి. అది ముందుగా తెలిసిన తాత్కాలిక మార్పు. 2022 నుంచి రష్యా గగనతలం పాశ్చాత్య సంస్థలకు మూసుకుపోవడం, 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం భారతీయ సంస్థలకు మూసుకుపోవడం అలాంటివి కావు. అవి గంటల కొద్దీ ప్రయాణాన్ని పెంచాయి. కాబట్టి నేటి దూరానికి సరిగ్గా సరిపోయే విమానం కంటె కొంత మిగులు పరిధి ఉన్న విమానమే వివేకవంతమైన ఎంపిక.

అన్నిటికన్నా కఠినమైనది కాలం. 777ఎక్స్‌ను 2013లో ప్రకటించారు. 2020లో సేవలోకి రావలసి ఉండగా ఆ ఏడాది జనవరి 25న తొలి పరీక్షా ప్రయాణం మాత్రమే జరిగింది. తొలి విమానం 2027లో అందుతుందని 2025 అక్టోబరులో బోయింగ్ తెలిపింది. ఇంత ఆలస్యమైతే సంస్థలు పాత విమానాలకే మెరుగులు దిద్దుకోవాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి. విమానపు గుణదోషాల కన్నా ‘ఎప్పుడు అందుతుంది?’ అన్నదే చాలాసార్లు నిర్ణాయకమవుతోంది. పైగా 777ఎక్స్‌కు జీఈ సంస్థ ఇంజను, ఎ350కి రోల్స్‌రాయిస్ ఇంజను తప్ప వేరే గతి లేదు. విమానాన్ని ఎంచుకోవడమంటే ఇంజను సంస్థతో దశాబ్దాల బంధాన్ని ఎంచుకోవడమే.

8. భారతీయ సంస్థల నిర్ణయాలు:

ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరి 14న ప్రకటించిన 470 విమానాల ఆర్డరులో 70 పెద్ద విమానాలు. వాటిలో 34 ఎ350-1000, 6 ఎ350-900, 20 787, 10 777-9 ఉన్నాయి. 2024 డిసెంబరులో మరో 10 ఎ350 విమానాలను చేర్చుకొంది. ఒకే కుటుంబంపై ఆధారపడకపోవడం ఆలస్యం నుంచి రక్షణ. అయితే ఎన్ని రకాలుంటే పైలట్ల శిక్షణకు, విడిభాగాలకు అంత ఖర్చు. ఎ350-1000కు ఇచ్చిన ప్రాధాన్యం ఉత్తర అమెరికా దూరాలకు అనుగుణమైనదని పై లెక్కలను బట్టి చెప్పవచ్చు. అంతవరకు ఒంటి నడవ విమానాలతోనే ఎదిగిన ఇండిగో 2024 ఏప్రిల్‌లో 30 ఎ350-900 విమానాలకు ఆర్డరు ఇవ్వడం మరో మలుపు.

ఈ రెండు కుటుంబాలనూ తెలుగు నేలమీద ఒకేచోట చూసే అవకాశం 2024 జనవరి 18 – 21 తేదీల్లో బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో కలిగింది. ఎయిర్ ఇండియా తొలి ఎ350, బోయింగ్ వారి 777-9 అక్కడికి వచ్చాయి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక సాధారణ ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయిన విమానాశ్రయం అది. ప్రదర్శనకు వచ్చిన విమానం ప్రయాణానికి కూడా రావాలంటే పైన వివరించిన లెక్కలన్నీ కుదరాలి.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. విమానపు పరిమాణం కన్నా మార్గపు రద్దీకి, దూరానికి అది ఎంతవరకు సరిపోతుందన్నదే ఎంపికకు గీటురాయి.

2. 777-9 వంటి అతిపెద్ద విమానాలు కూడలి నగరాలను బలపరుస్తాయి. 787, ఎ350 వంటివి హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు నేరు దారులు తెరవగలవు.

3. హైదరాబాదు – అమెరికా దూరాలకు మిగులు పరిధి తప్పనిసరి. గగనతల పరిమితులు ఈ అవసరాన్ని మరింత పెంచాయి.

4. పొడవైన రన్‌వే నిర్మించడం అవసరమే గాని, దానంతట అదే విమానాలను రప్పించదు. శ్రీసిటీ, చెన్నై ప్రాంతాల పరిశ్రమలు టోక్యో సర్వీసును ఆకర్షించిన తీరు, స్థిరమైన వ్యాపార ప్రయాణాలు ఎంత ముఖ్యమో తెలుపుతుంది.

ప్రతి జిల్లాకూ అంతర్జాతీయ విమానాశ్రయం కావాలన్న కోరిక మన ప్రజాజీవితంలో తరచుగా వినిపిస్తుంది. ఖండాంతర విమానాల విషయంలో ఆ పెట్టుబడి కన్నా, ఉన్న ద్వారాలకు ప్రజలను సులువుగా చేర్చే రైలు, రోడ్డు సౌకర్యాలు ఎక్కువమందికి ఉపకరిస్తాయి. తడ నుంచి అమెరికా వెళ్లే వృద్ధ దంపతులకు తమ జిల్లాలో పెద్ద రన్‌వే ఉండటం కన్నా, చెన్నై విమానాశ్రయానికి అర్ధరాత్రి కూడా నమ్మకంగా చేరగలగడం, అక్కడినుంచి వీలైనన్ని తక్కువ మార్పులతో గమ్యం చేరగలగడం ముఖ్యం. వీటిలో మొదటిది ప్రభుత్వాల చేతిలో ఉంది. రెండవది విమానయాన సంస్థలు నేడు చేస్తున్న కొనుగోళ్లపై ఆధారపడి ఉంది.